గంటకు పద్నాలుగు కిలోమీటర్ల తుఫాను

నేను అబద్ధం చెప్పలేను. గొప్ప కోసం అనడం లేదు, అదొక రోగం. వాతావరణ కేంద్రంలో ముప్ఫై ఆరేళ్ళు వాన కొలిచీ, గాలి కొలిచీ, అంకెలు రాసీ రాసీ ఇలా తయారయ్యాను. ఎవరైనా "నిన్న కుండపోత" అంటే నా నోరు ఊరుకోదు, "పద్దెనిమిది మిల్లీమీటర్లే" అంటుంది. నా భార్య నబ్ దీన్ని భరించింది. పిల్లలు భరించారు. శుక్రవారం సాయంత్రాలు, దేశం సరిహద్దున సముద్రం పక్కనున్న మా తుంపాత్ పొలాల్లో గాలిపటాలు ఎగరేసే మా జట్టు మాత్రం భరించదు. తిడుతుంది.

కోతలయ్యాక పొలం ఎండి గట్టిపడుతుంది. అప్పుడు మొదలవుతుంది మా పిచ్చి. మనిషంత ఎత్తు పటాలు, వెదురు చీల్చి నెలలకొద్దీ చెక్కినవి. ప్రతి పటం తలమీదా ఒక విల్లు కడతాం. పటం పైకెక్కిందంటే ఆ విల్లు మోగుతుంది, ఊరవతలి దాకా వినిపిస్తుంది. సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక పటాలు ఎగరేసేది ఒక గంట. ఆ తర్వాత కాక్ యోహ్ టీ బడ్డీ ముందు బల్లల మీద కూర్చుని పాత వానల గురించీ పాత గాలుల గురించీ కోతలు కోసేది రెండు గంటలు. ఇది నేను గడియారం చూసి చెబుతున్న లెక్క.

ఆ కోతలకి ఒక పద్ధతుంది. ఆ రోజు అందరికంటే పెద్ద అబద్ధం ఎవరు చెప్పారో కాక్ యోహ్ తేలుస్తుంది. గెలిచినవాడి మోటార్‌సైకిల్ వెనక ఒక పాత పటం తోక కడతారు. ఎర్ర కాగితపు కుచ్చులు, చివర చినిగి పీలికలయ్యాయి. వచ్చే శుక్రవారం దాకా దాన్ని విప్పకూడదు. మసీదుకి వెళ్ళినా, చేపల బజారుకి వెళ్ళినా, అత్తవారింటికి వెళ్ళినా తోక ఊపుకుంటూ వెళ్ళాల్సిందే. ఆ తోక కోసం మా వాళ్ళు పడే తాపత్రయం పోటీలో కప్పు కోసం కూడా పడరు. నా బండికి అది ఒక్కసారి కూడా ఎక్కలేదు.

మొన్న మే నెలలో ఒక శుక్రవారం ఇలాగే కూర్చున్నాం. ముందు కాక్ యోహ్ అందుకుంది. అరవై దాటిన మనిషి, టీ ఎత్తునుంచి పోసినంత ఒడుపుగా పటం ఎగరేస్తుంది.

"మా రెండోవాడు పుట్టిన ఏడు కాసిన ఎండలు మీరెవరూ చూళ్ళేదు. పటం పైకెళ్ళింది. ఎండకి జిగురు కరిగిపోయింది. కాగితం దానంతట అది ఊడి సముద్రం మీదకి పోయింది. వెదురు బద్దలు మాత్రం పైనే ఉండిపోయాయి."

"కాగితం లేకుండా ఎలా ఉంటాయే?" అన్నాడు పోక్ దెరమాన్. ఎనభై నాలుగేళ్ళాయన, మా జట్టుకి పెద్ద. ఆయన మాటే ఇక్కడ చట్టం. పెద్దాయన్ని పోక్ అనీ, అక్కలాంటామెని కాక్ అనీ పిలవడం మా ఊరి వాడుక.

"అలవాటు కొద్దీ ఎగిరాయి."

అందరూ గొల్లుమన్నారు. నేనాపుకోలేకపోయాను. "ఆ ఏడు గరిష్ఠం ముప్ఫై ఆరున్నర డిగ్రీలు. జిగురు కరగదు."

"ఇదిగో, వానసారు నోరు తెరిచాడు, నా టీ చల్లారిపోయింది" అంది కాక్ యోహ్. నా పేరు బదార్. ఈ ఊళ్ళో ఆ పేరు నా భార్యకీ, పోక్ సూకీ తప్ప ఎవరికీ గుర్తులేదు.

పోక్ దెరమాన్ గొంతు సవరించుకున్నాడు. "అది ఎండ. అసలు కష్టం గాలి లేని కష్టం. ఒక ఏడు నలభై రోజులు ఆకు కదల్లేదు. పోటీ దగ్గర పడుతోంది. ఏం చేస్తాం? ఇంటింటికీ వెళ్ళి అత్తాకోడళ్ళకి తంపులు పెట్టాం. పొలం గట్టున వరసగా కూర్చోబెట్టాం. వాళ్ళ నిట్టూర్పులకి నా పటం కొబ్బరిచెట్లు దాటింది."

"ఎన్ని నిట్టూర్పులో లెక్క రాశావా వానసారూ?" అన్నారెవరో.

"నలభై రోజులు కాదు, తొమ్మిది" అన్నాను. మళ్ళీ తిట్టారు.

ఆ తర్వాత అందరూ పోక్ సూ వైపు తిరిగారు. ఎనభై ఏళ్ళు, ఎండిన వెదురు లాంటి మనిషి, నవ్వితే పైవరస ముందు పన్ను ఉన్నచోట ఖాళీ. ఆయన చెప్పే కథ ఒక్కటే. ముప్ఫై నాలుగేళ్ళుగా అదే. అయినా ప్రతి ఏడూ ఒకసారి అడిగి చెప్పించుకుంటాం, ఎందుకంటే ప్రతి ఏడూ అది కొంచెం పెరుగుతుంది.

"ఆ రోజు నా చందమామ పటం పైన ఉంది" అని మొదలుపెట్టాడు. "రాష్ట్రపు పోటీకి వారం ఉంది. ఆరు నెలలు చెక్కిన పటం. మధ్యాహ్నం రెండవుతోంది. ఉన్నట్టుండి సముద్రం వైపునుంచి ఒక గాలి వచ్చింది. గాలి కాదది. గేదెలు మేస్తూ మేస్తూ వెనక్కి నడిచాయి. కాక్ యోహ్ ఆరేసిన బట్టలు సరిహద్దు దాటి అవతలి దేశపు తక్‌బాయ్‌లో దిగాయి."

"అందులో నా కొత్త చీటీ గుడ్డ పోయింది" అంది కాక్ యోహ్. అది ఆమె వంతు మాట, ప్రతిసారీ అంటుంది.

"మూడు వేళ్ళ మందం నైలాన్ దారం..."

"పోయినేడు రెండు వేళ్ళే" అన్నారెవరో.

"తడిసి ఉబ్బింది. ఆ దారం పుటుక్కున తెగింది. దారం చుట్ట గిర్రున తిరిగి వచ్చి నా మూతిమీద కొట్టింది. ఇదిగో పన్ను." ఆయన నోరు తెరిచి చూపించాడు, అందరూ మొదటిసారి చూసినట్టు వంగి చూశారు. "పటం ఏమైందంటారు? ఇప్పటికీ దిగలేదు. రాత్రి చెవి ఒగ్గి వినండి, విల్లు మోత వినిపిస్తుంది."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను టీ తాగుతూ కూర్చున్నాను. ఈ ఒక్క కథకే నేనెప్పుడూ అడ్డు చెప్పను.

ఈసారి అది లిద్ గమనించాడు. లిద్ మా జట్టుకి కొత్త కార్యదర్శి, నలభై ఏళ్ళవాడు, మంచివాడు, చేతిలో ఎప్పుడూ కాగితాలుంటాయి. జట్టు పెట్టి నలభై ఏళ్ళయిందని సంచిక వేస్తున్నాడు.

"వానసారూ, ఈ గాలి గురించి సంచికలో ఒక పేజీ వేస్తున్నాం. 'పోక్ సూ గాలి' అని పేరు. ఈ ఏటి కప్పుకి కూడా అదే పేరు పెడదామనుకుంటున్నాం. తేదీ, వేగం మీ నోటుపుస్తకంలో ఉంటుంది కదా? వచ్చే శుక్రవారం తెచ్చి అందరిముందూ చదవండి."

"పాత పుస్తకం. ఎక్కడుందో..." అన్నాను.

"దొరక్కపోతే ఫరవాలేదు. పెద్దాఫీసుకి ఉత్తరం రాస్తాను. వాళ్ళ దగ్గర ఉంటుందిగా."

పోక్ సూ తన గ్లాసులోకి చూస్తున్నాడు. ఆయన నావైపు చూడలేదు.

ఆ పుస్తకం ఎక్కడుందో నాకు బాగా తెలుసు. ఆ పేజీలో ఏముందో కూడా తెలుసు. గాలి వేగం గంటకు పద్నాలుగు కిలోమీటర్లు. ఆ గాలికి ఆకులు కదులుతాయి, దారం తెగదు.

అప్పుడు నాకు ఇరవై ఆరు. దేశానికి అవతలి తీరంలోని పెరాక్ నుంచి ఇక్కడికి బదిలీ మీద వచ్చి నాలుగు నెలలయింది. ఇక్కడివాళ్ళ మాట నాకు సగం అర్థమయ్యేది కాదు, నా మాటకి వాళ్ళు నవ్వేవాళ్ళు. అద్దె గదిలో ఒక్కణ్ణే చేపల పులుసు మాడబెట్టుకుని తినేవాణ్ణి. వెనక్కి పంపమని దరఖాస్తు రాసి జేబులో పెట్టుకు తిరుగుతున్నాను. ఒక సాయంత్రం పొలం పక్కనుంచి సైకిలుమీద పోతుంటే పోక్ సూ పిలిచాడు. "ఒరేయ్ కొత్తబ్బాయ్, ఈ దారం కాస్త పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను. పైన పటం లాగుతుంటే అరచేతిలో అదురుతోంది. ఆ రోజునుంచి గదికి పోవడం మానేశాను.

నెల తిరక్కుండా తన పటాన్ని నాకొక్కడికే వదిలేంత నమ్మకం పెట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నం పటం పైన ఉంది. పోక్ సూ నీడలో కూర్చుని దెరమాన్‌తో మాట్లాడుతున్నాడు. నేను రెండు గంటల లెక్కకి కేంద్రానికి పోవాలి. దారం చుట్ట తెచ్చి, దాని వెనక వదిలిన దారం కొసని గట్టుమీద గుంజకి కట్టి సైకిలెక్కాను.

తప్పు ఏమిటంటే ముడి. నూలు దారానికి ఒక్క మెలిక చాలు, తనంతట తనే పట్టేస్తుంది. ఆ నెలే పోక్ సూ నైలాన్ దారానికి మారాడు. నైలాన్‌కి ఉమ్మి రాసి రెండుసార్లు మెలిపెట్టి, కొసని లోపలికి దోపాలి. లేకపోతే జారిపోతుంది. ఈ ఊరి పిల్లలకి కూడా ఇది తెలుసు. నేను నూలు ముడి వేశాను.

కేంద్రంలో అంకెలు రాసి తిరిగొచ్చేసరికి పొలంలో కేకలు. పన్నెండు మంది సముద్రం వైపు పరిగెడుతున్నారు. పటం తల వంచుకుని నీళ్ళమీదకి పోతోంది, దాని వెనకే దారం చుట్ట గట్టుమీద ఎగిరెగిరి పడుతూ పోతోంది. గుంజకి కట్టిన దారం కొసలో రెండు మూరలు మాత్రం గుంజ పక్కనున్న ముళ్ళ కంచెకి తగులుకుని తెగి, అక్కడే ఉండిపోయింది. పోక్ సూ ఒక్కడే పరిగెత్తలేదు. గుంజ దగ్గర వంగి ఆ ముక్క చేతిలోకి తీసుకున్నాడు.

జారిన నైలాన్ కొస ఎలా ఉంటుందో మా జట్టులో అందరికీ తెలుసు. చిక్కుడు తీగ కొనలా చుట్ట చుట్టుకుని ఉంటుంది. ఆ వంపు పోదు. చూడగానే ఎవడో ముడి చేతకానివాడు కట్టాడని తెలిసిపోతుంది. మా జట్టులో ఒక చట్టం ఉండేది, దెరమాన్ పెట్టింది. గాలికి దారం తెగితే అది గాలి తప్పు, ఎవరూ ఎవర్నీ ఏమీ అనకూడదు. ముడి జారి ఇంకొకడి పటం పోతే కట్టినవాడు మళ్ళీ ఈ పొలంలో దారం ముట్టుకోకూడదు. అంతకుముందు ఒకణ్ణి అలాగే పంపేశారు.

నేను పాతిక అడుగుల దూరంలో సైకిలు పట్టుకుని నిలబడ్డాను. పోక్ సూ ఆ చుట్టుకున్న కొసని చూశాడు. నన్ను చూశాడు. నాకు వీపు తిప్పి, ఆ దారం నోట్లో పెట్టుకున్నాడు. భుజాలు రెండుసార్లు అదిరాయి. దెరమాన్ వగరుస్తూ తిరిగి వచ్చేసరికి ఆయన చేతిలో ఉన్నది చుట్టుకున్న కొస కాదు, చివర పీచులు పీచులుగా తెగిన దారం. తలగుడ్డతో మూతి తుడుచుకుంటున్నాడు, గుడ్డకి కాస్త రక్తం అయింది. పెదవి తెగిందేమో అనుకున్నాను.

"ఏం గాలి! ఏం గాలి దెరమాన్!" అన్నాడు. "నీకు తగల్లేదా? ఇక్కడ గుంజ పీకేసేంత గాలి!"

అలా పుట్టింది ఆ గాలి. దెరమాన్ దారం కొస తిప్పి తిప్పి చూశాడు. "తెగింది" అన్నాడు. అంతే. పటం మాత్రం మళ్ళీ దొరకలేదు. ఆ ఏడు పోక్ సూ పోటీకి వెళ్ళలేదు. నా దరఖాస్తు జేబులోనే చెమటకి తడిసి చినిగిపోయింది. మరుసటి ఏడు పోక్ సూ భార్య చెల్లెలి కూతురు నబ్‌తో నా పెళ్ళయింది. ముగ్గురు పిల్లలు. మా పెద్దవాడికి ఇప్పుడు పటం ఎగరేసే కొడుకున్నాడు. ఈ మొత్తం ఆ పీచులు తేలిన దారం కొస మీద నిలబడి ఉందని నాకు తెలుసు. ఇంత కచ్చితంగా లెక్కలు చెప్పే నోటితో ఆయనకి ఒక్క కృతజ్ఞత మాట చెప్పలేదు. చెబితే తప్పు ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే ఆయన అబద్ధం బయటపెట్టాలి. ఆ వంకతో ముప్ఫై నాలుగేళ్ళు గడిపేశాను. వంక అనే అంటాను, ఎందుకంటే అందులో సగం పిరికితనం.

ఇప్పుడు లిద్ ఉత్తరం రాస్తానంటున్నాడు. రాస్తే పెద్దాఫీసు పద్నాలుగు అనే చెబుతుంది. ఎనభయ్యో ఏట పోక్ సూ జట్టు ముందు, ఊరి ముందు, మాటల్లో కాదు నిజంగానే అబద్ధాలకోరు అవుతాడు. తోక కోసం కోసే కోత వేరు. పోయిన పటానికి, జట్టు చట్టానికి సాక్ష్యంగా చెప్పిన అబద్ధం వేరు. దెరమాన్ దాన్ని క్షమించడు.

మంగళవారం ఆయన ఇంటికి వెళ్ళాను. గడపలో కూర్చుని వెదురు బద్ద గీకుతున్నాడు.

"పోక్ సూ, ముడి సంగతి నేనే చెప్పేస్తాను."

"ఏ ముడి?"

"నేను కట్టిన ముడి. మీకు తెలుసు."

"నాకు ఎడమ చెవి వినపడదురా బదార్, ఇటు కుడివైపు రా."

కుడివైపు వెళ్ళి మళ్ళీ చెప్పాను. ఆయన గీకడం ఆపలేదు. "ఆ రోజు గాలి" అన్నాడు.

"పద్నాలుగు కిలోమీటర్లు పోక్ సూ."

"నీ గిన్నెలు తిరిగే గాలి యంత్రానికి పద్నాలుగు. నాకెంత తగిలిందో నాకు తెలుసు." బద్ద ఒక కంటితో చూసి, వంపు సరిచేశాడు. "నేను పోయాక నా పేరు చెప్పుకోవడానికి ఏముంది? గెలిచిన కప్పు లేదు. ఆ గాలి ఒక్కటుంది. దాని జోలికి రాకు."

"లిద్ ఉత్తరం రాస్తాడు."

"రాయనీ. అకోక్ తిని పో, మీ అత్త ఇప్పుడే చేసింది."

గుడ్లు, బెల్లం వేసి కాల్చిన ఆ తీపిని జేబురుమాలులో కట్టుకుని లేచాను. ఇంటికొచ్చి నబ్‌కి మొత్తం చెప్పాను, మొదటిసారి. ఆమె చేతిలో బియ్యం చేట పక్కన పెట్టింది. తర్వాత "అంటే ఆ ముడి సరిగ్గా వేసుంటే నిన్ను మా పెద్దమ్మకి ఎవరూ చూపించేవాళ్ళు కాదేమో" అంది. ఆలోచించి, "నిజం చెప్పడం నీకొచ్చిన ఒకే ఒక్క పని. అదే చెయ్యి. కానీ తప్పు నీ నెత్తిన వేసుకుని చెప్పు" అంది.

శుక్రవారం పుస్తకం తీసుకెళ్ళాను. గాలి తొమ్మిది, పటాలు సగం ఎత్తుకే ఆగాయి, అందరూ తొందరగా బల్లల దగ్గరికి చేరారు. కాక్ యోహ్ చేప అప్పడాలు వేయించి పెట్టింది. లిద్ పెన్ను తీశాడు. పోక్ సూ దెరమాన్ పక్కన కూర్చున్నాడు. పుస్తకం తెరిచాను.

"మధ్యాహ్నం రెండు గంటలు. గాలి వేగం..." ఆగాను. "గంటకు పద్నాలుగు కిలోమీటర్లు."

దెరమాన్ మెల్లగా పోక్ సూ వైపు తిరిగాడు. పోక్ సూ గ్లాసు కింద పెట్టాడు.

"ఆయన్ని చూడకండి, నన్ను చూడండి" అన్నాను. లేచి నిలబడ్డాను. "ఆ రోజు గాలి లేదు. దారం తెగలేదు, ముడి జారింది. ఆ ముడి నేను కట్టాను. నైలాన్‌కి నూలు ముడి వేశాను. పోక్ సూ ఆ కొస చూశాడు, మీరందరూ పటం వెనక పరిగెడుతుంటే ఆ వంపున్న ముక్కని పళ్ళతో కొరికి పడేశాడు, తెగినట్టు కనపడాలని. నన్ను పంపేస్తారని. ఆరు నెలల పటం పోయింది, పోటీ పోయింది, నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన వల్లే నాకీ ఊరుంది. నబ్ ఉంది, పిల్లలున్నారు, మీరున్నారు. పోక్ సూ, ముప్ఫై నాలుగేళ్ళనుంచీ చెప్పాలి మీకు. ఇప్పుడు చెబుతున్నాను. మీరు చేసింది నేను మర్చిపోలేదు, ఒక్క రోజు కూడా మర్చిపోలేదు." కళ్ళు తుడుచుకున్నాను.

పోక్ సూ నన్నే చూస్తున్నాడు. తర్వాత తీరిగ్గా అడిగాడు.

"నైలాన్‌ని కొరికానా?"

"అవును."

"ఈ పళ్ళతో?" నోరు బారెడు తెరిచి, ఖాళీని వేలితో తట్టి, చుట్టూ అందరికీ చూపించాడు.

ముందు కాక్ యోహ్ నవ్వింది. నవ్వి నవ్వి టీ కెటిల్ కింద పెట్టేసింది. "అమ్మమ్మమ్మో! ముప్ఫై నాలుగేళ్ళు నోరు కట్టుకుని ఒకేసారి ఎంతది వదిలాడమ్మా ఈ మనిషి!"

"కాదు, నిజం!" అన్నాను.

"అదీ, అలా అనాలి! అలా అంటేనే పండుతుంది!" అన్నాడు ఎవరో.

"కళ్ళల్లో నీళ్ళు కూడా తెచ్చుకున్నాడు చూశారా!"

"పోక్ దెరమాన్! మీరు చెప్పండి" అన్నాను. "మీరు ఆ కొస చూశారు."

పోక్ దెరమాన్ గడ్డం నిమురుకున్నాడు. "చూశాను. తెగిన దారమే. నా కళ్ళని నమ్మనా, నీ కోతని నమ్మనా?"

"మరి పద్నాలుగు?" అన్నాడు లిద్, పెన్ను గాల్లో పెట్టుకుని.

"ఆ యంత్రం ఎక్కడుంది? ఊరి అవతల, ప్రహరీగోడ వెనకాల" అన్నాడు దెరమాన్. "మన పొలంలో వీచిన గాలి దానికేం తెలుస్తుంది? రాయి, 'కొలతకి అందలేదు' అని రాయి. వానసారు కథ కూడా వెయ్యి, కోతల పేజీలో."

లిద్ రాసుకున్నాడు. ఉత్తరం సంగతి మళ్ళీ ఎత్తలేదు. కాక్ యోహ్ గుడిసెలోకి వెళ్ళి ఎర్ర తోక తెచ్చింది. నేను వద్దంటున్నా వినకుండా పదిమందీ కలిసి నా బండి వెనక కట్టారు. దెరమాన్ లేచి వచ్చి, ముడి నన్నే వెయ్యమన్నాడు. వేశాను, ఉమ్మి రాసి, రెండు మెలికలు, కొస లోపలికి. ఆయన దాన్ని లాగి చూశాడు. జారలేదు. నా మొహంలోకి కాస్త ఎక్కువసేపే చూశాడు.

"ఇప్పుడు బాగానే కడుతున్నావు" అని, వెళ్ళి కూర్చున్నాడు.

పోక్ సూని ప్రతి శుక్రవారం నేనే బండిమీద దింపుతాను. ఆయన వెనక కూర్చుని, తోక చక్రంలో పడకుండా చేత్తో పట్టుకున్నాడు. కాలవ గట్టు మీద పిల్లలు తోక చూసి కేకలేశారు, ఆయన వాళ్ళకి చెయ్యూపాడు. నాకు కోపంగా ఉంది. జీవితంలో నేను చెప్పిన అతి ముఖ్యమైన నిజాన్ని ఒక్కడూ నమ్మలేదు.

"పన్ను సంగతి చెప్పలేదేం?" అన్నాడు వెనకనుంచి.

"ఏ పన్ను?"

"ఈ పన్ను. అదొక్కటీ వదిలేశావు."

"దారం చుట్ట తగిలి ఊడిందన్నారు కదా... చుట్ట పటంతో పాటు సముద్రంలోకి..." మాట మధ్యలో ఆగిపోయాను. ముప్ఫై నాలుగేళ్ళలో ప్రతి అంకెనీ తప్పు పట్టిన నేను దీన్ని పట్టుకోలేకపోయాను. బండి నెమ్మదించాను.

"మొదటి కొరుక్కి కదిలింది" అన్నాడు. "రెండో కొరుక్కి దారం తెగింది, పన్నూ వచ్చేసింది. దెరమాన్ ఎదురుగా వస్తున్నాడు. ఉమ్మితే చూస్తాడు."

"మరి?"

"మింగేశా."

బండి ఆపేశాను. వెనక్కి తిరిగి చూడలేకపోయాను, హ్యాండిల్ పట్టుకుని అలాగే కూర్చున్నాను. తోక గాలికి నా వీపుమీద కొట్టుకుంటోంది. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి రెండుసార్లు తట్టాడు.

"చెప్పావుగా ఇందాక. విన్నాను. కుడి చెవితోనే విన్నాను" అన్నాడు. "ఇంక పద, మగ్రిబ్ నమాజు వేళవుతోంది. వాన కూడా వచ్చేట్టుంది."

పైకి చూశాను. సముద్రం దాకా ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.

"అవును పోక్ సూ, కుండపోతే వచ్చేట్టుంది" అని బండి స్టార్ట్ చేశాను.